ఒక పేరు మీద ఇద్దరం

“నీ పేరు నీదే అక్కా, కాదన్నదెవలు? రోజులు మాత్రం సగం నాయి,” అంది మా యారాలు, చేటలో బియ్యం చెరగడం ఆపకుండానే.

“రోజులకు మళ్ల వేరే పేరుంటదా? రిజిస్టరుల నా పేరు మీద పడ్డ రోజు నా రోజే. రేపు గట్ల చెప్తెనే కేసు నిలవడ్తది.”

“అంటే నేను మిల్లుకు రాలేదని చెప్తవు.”

“రాలేదని చెప్తన్ననా? నీ ముచ్చట ఎత్తనంటున్న.”

“రెండూ ఒక్కటే. ఇరవై రెండేండ్లు నేను యాడికి వోయిన మరి? పొయ్యికాడ పిల్లి లెక్క పండుకున్ననా?”

యారాలంటే మా మరిది భార్య, నాకంటే ఆరేళ్ళు చిన్నది. కేసముద్రం దగ్గరి మా పాత ఇంటి అరుగు మీద పొద్దుగూకే వేళ ఈ మాటలు నడుస్తుంటే, మరిది ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి కొట్టంలోకి వెళ్ళిపోయాడు. ఆ కొట్టంలో ఎడ్లు లేక పదేళ్ళవుతోంది.

తెల్లవారితే మహబూబాబాద్‌లో లేబర్ ఆఫీసు ముందు మా పేషీ. మా పేషీ అంటున్నాను కాని, కాగితం ప్రకారం అది నా ఒక్కదాని పేషీ. ఇరవై రెండేళ్ళు పనిచేసిన రైసు మిల్లు ఒక సోమవారం పొద్దున నోటీసు లేకుండా నన్ను తీసేసిందని, నాలుగు నెలల జీతం కూడా ఆపిందని నేను దరఖాస్తు పెట్టుకున్నాను. అందులో రాసిందంతా నిజమే. కాకపోతే ఆ ఇరవై రెండేళ్ళూ నా పేరు మీద పనిచేసింది ఇద్దరం.

నేను పుట్టింది జనగామ దగ్గర, రఘునాథపల్లి వైపు ఒక ఊళ్ళో. రెండో తరగతి దాకా బడికి పోయాను. తర్వాత మా చెల్లెలిని ఎత్తుకునే మనిషి కావలసి వచ్చి మా నాయిన బడి మాన్పించాడు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక నాలుగేళ్ళకు యారాలు వచ్చింది. అన్నదమ్ములిద్దరూ మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాళ్ళు. ఇంటి వెనక ఎకరన్నర మెట్ట చెలక, రెండు ఎడ్లు, ఇద్దరికీ కలిపి నలుగురు పిల్లలు, మంచం దిగలేని అత్త. ఇద్దరికీ కూలి కావాలి. ఇద్దరిలో ఒకరు ఇంట్లో లేకపోతే ఇల్లు నడవదు.

మిల్లులో వడ్లు ఆరబోసే కల్లం మీద ఒక్క మనిషికే జాగా ఉందని తెలిసి, ఒకరికొకరం చెప్పుకోకుండా ఇద్దరమూ వెళ్ళాం. గేటు దగ్గర ఎదురుపడ్డాం. మిల్లు గుమస్తా మమ్మల్నిద్దరినీ చూసి, ముందు మీలో మీరు తేల్చుకొని రండి అని తిప్పి పంపాడు. తేల్చింది మంచంలో ఉన్న మా అత్త. ఒక వారం పెద్దకోడలు పోవాలి, ఒక వారం చిన్నకోడలు పోవాలి, ఇంట్లో ఉన్నవాళ్ళు అందరి పిల్లలనూ, తననూ, ఎడ్లనూ చూడాలి. మర్నాడు ఆ మాటే గుమస్తాతో చెబితే ఆయనకు నవ్వొచ్చింది.

“నాకు పొద్దుగాల కల్లంల ఒక మనిషి కనవడాలె. ఎవలైతేంది? జోడెడ్లల్ల ఏ ఎద్దు దున్నిందని చెలకడుగుతదా?”

రిజిస్టరులో రాయడానికి ఒక పేరు కావాలి. నాకు సంతకం వచ్చు కాబట్టి నా పేరు రాశాడు. మిల్లులో అలాంటి జోళ్ళు మాతో కలిపి మూడు ఉండేవి. ఒకచోట అత్తాకోడళ్ళు, ఇంకోచోట తల్లీకూతుళ్ళు. అప్పుడు ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. మాకూ కనిపించలేదు.

కూలిపని గురించి ప్రేమగా చెప్పకూడదంటారు. కాని ఆ కల్లం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటుంది. తెల్లవారక ముందే ఉడికిన వడ్లు తొట్టిలోంచి సిమెంటు నేల మీద పడేవి. ఎదుటి మనిషి కనిపించనంత ఆవిరి లేచేది. నానిన వడ్ల వాసన చీరకు పట్టిందంటే రెండు ఉతుకులకు కాని పోయేది కాదు. చెక్క పారలతో పరిచేవాళ్ళం. ఆ తర్వాత కొంగు నడుముకు చెక్కి, పది మంది ఆడవాళ్ళం వరుసగా నిలబడి, పాదాలు ఈడ్చుకుంటూ ఈ అంచు నుంచి ఆ అంచుకు నడిచేవాళ్ళం. పాదం వెనక వడ్లు తిరగబడి చాళ్ళు పడేవి. పొద్దున గోరువెచ్చగా హాయిగా ఉండేది. పన్నెండు దాటితే అరికాళ్ళు కాలిపోయేవి. మబ్బు పట్టిందంటే మాత్రం మిల్లంతా ఒకటే ఉరుకు. గుమస్తాతో సహా అందరం వడ్లు కుప్పచేసి పట్టాలు కప్పేవాళ్ళం. కప్పాక వాన రాకపోతే, మబ్బును తిట్టుకుంటూ మళ్ళీ పరిచేవాళ్ళం.

పగటి అన్నం ఊక కుప్ప నీడలో. ఎవరి గిన్నెలో ఏముందో మూత తీయకముందే అందరికీ తెలిసేది. నా గిన్నెలో ఎప్పుడూ పచ్చిపులుసూ, ఎండుమిరపకాయ తొక్కే. అది చూసి ఒకామె, “ఇయ్యాల పెద్దెద్దు వారం, గుగ్గిళ్ళు సుత పెట్టరు,” అనేది. యారాలి వారంలో ఆ గిన్నెలోనే గుడ్డో, ఎండుచేపో ఉండేదట. నేను లేని వారాల్లో అక్కడ పంచుకొని తినడం జరిగేదని చాలా ఏళ్ళకు తెలిసింది. తెలిసిన రోజు గొడవ కూడా అయింది.

నాది పైసకు పైస చూసే చేయి. దాచడానికేముంది. చినిగిన గోనెసంచుల నుంచి సుతిలి దారం లాగి, ముడివేసి, ఉండచుట్టి తెచ్చేదాన్ని. ఆ సుతిలితో రెండు మంచాలు అల్లించాను. నేను ఇంట్లో ఉన్న వారం నూనె సీసా సగానికి దిగేది కాదు. ఆమె ఉన్న వారం సీసా అడుగంటేది. పిల్లలకు ఆదివారం, సోమవారం అనే లెక్క ఉండేది కాదు. పెద్దమ్మ వారం, చిన్నమ్మ వారం. నా కడుపున పుట్టినవాళ్ళు కూడా చిన్నమ్మ వారం కోసం ఎదురుచూసేవాళ్ళు. నేను సీసా పట్టుకొని నిలదీస్తే ఆమె, “నూనె పొయ్యిల పోసిన్నా అక్కా? పిల్లల కడుపులల్లనే గదా ఉన్నది, యాడికి వోతది,” అనేది. నేను సీసా మూత బిగించి పైన పెట్టేదాన్ని.

సోమవారం తెల్లారి గడప దగ్గర మా అప్పగింతలు జరిగేవి. తలగుడ్డా, అన్నం గిన్నే చేతులు మారేవి. వాటితో పాటు మాటలు కూడా. కల్లంలో ఏ మూల నెర్రె పడి గింజ ఇరుక్కుంటోంది, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు, గుమస్తాకు ఏం చెప్పి వచ్చింది, అన్నీ చెప్పాలి. ఒకసారి ఆమె శనివారం జ్వరమని అబద్ధం చెప్పి రెండు గంటలు ముందు ఇంటికి వచ్చేసిందట. సోమవారం నన్ను నిలబెట్టి, “జర దగ్గు అక్కా, లేకుంటే నా ఇజ్జత్ పోతది,” అంది. నేను గేటు దగ్గర దగ్గాను. గుమస్తా తల ఎత్తకుండానే, జ్వరం దానికి, దగ్గు నీకా అన్నాడు. ఆ వారమంతా ఆడవాళ్ళు నన్ను చూసినప్పుడల్లా దగ్గారు.

సంతకం సంగతి కూడా చెప్పాలి. మొదట్లో ఆమె వారంలో గుమస్తానే ఏదో గీసేవాడు. పెద్దాఫీసు నుంచి ఎవరో వచ్చి చూస్తున్నారని, సంతకం నేర్పించమని నాతో అన్నాడు. పొయ్యిలోని బొగ్గుతో ఇంటి బండ మీద నా పేరు రాసి ఆమెతో దిద్దించాను. నెల పట్టింది. పార పట్టే చేయి కదా, అదిమి రాసేది. గీత మొదట తిన్నగా పోయి చివరకు కిందికి జారేది. ఎన్నిసార్లు తిట్టినా ఆ జారుడు పోలేదు. ఆ నెలలోనే ఇంకో నాలుగు దినాలు కూర్చుంటే ఆమె పేరు కూడా వచ్చేది. పనికిరాని అక్షరాలకు బొగ్గెందుకు అనుకున్నాను.

అలా ఏళ్ళు గడిచాయి. మా అత్త పోయింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. నా పెద్దకొడుకు భూపాలపల్లిలో బొగ్గుబావి దగ్గర కాంట్రాక్టు పనిలో చేరాడు. కల్లంలో నన్ను పేరు పెట్టి పిలిచినట్టే ఆమెనూ అదే పేరుతో పిలిచేవాళ్ళు. సంతలో ఎవరైనా నా పేరు కేకవేస్తే ఇద్దరం ఒకేసారి తిరిగేవాళ్ళం.

తర్వాత గుమస్తా చూపు తగ్గి పని మానుకున్నాడు. మిల్లు పెత్తనం కొత్తవాళ్ళ చేతికి వచ్చింది. వడ్లు ఆరబెట్టే యంత్రాలు వచ్చాయి. కల్లం లారీలు నిలిపే జాగా అయింది. మమ్మల్ని ఊడవడానికీ, బస్తాల మూతులు కుట్టడానికీ మార్చారు. బిల్లులు రాలేదంటూ జీతం ఆపారు. ఒక నెల, రెండు నెలలు, అలా నాలుగు. నాలుగో నెల దాటిన సోమవారం గేటు దగ్గర ఒక జాబితా అతికించి, అందులో పేరున్నవాళ్ళు ఇక రావద్దన్నారు. ఆ జాబితాలో నా పేరుంది.

ఆ వారం ఆమెది. పొద్దున ఏడింటికి వెళ్ళిన మనిషి ఎనిమిదింటికల్లా మూత తీయని అన్నం గిన్నెతో తిరిగి వచ్చింది. ఏమైందని అడిగితే గిన్నె నా ముందు పెట్టి, “నిన్ను తీసేసిన్రు,” అంది. ఇద్దరం కలిసి ఆ అన్నం తిన్నాం. అన్ని ఏళ్ళలో పని రోజున ఇద్దరం ఒకేచోట కూర్చుని పగటి అన్నం తినడం అదే మొదలు.

కూలీల సంఘంలో పనిచేసే ఒకాయన దరఖాస్తు రాసిపెట్టాడు. నాకు మంచి మనిషి అనిపించాడు, చాయ్ కూడా తాగలేదు మా డబ్బుతో. అప్పటికి నేనూ మా ఆయనా కొడుకు దగ్గరికి భూపాలపల్లి వెళ్ళిపోయాం. పేషీ ఉన్నప్పుడల్లా ఒకరోజు ముందు బయలుదేరి పాత ఇంటికి వచ్చేదాన్ని. ఆడవాళ్ళకు బస్సులో టికెట్ డబ్బులు లేవు కాబట్టి సరిపోయింది, లేకపోతే రెండో పేషీకే మానుకునేదాన్నేమో. మూడు పేషీలు మిల్లు తరఫు మనిషి రాకపోవడంతోనే గడిచాయి. నాలుగోసారి వచ్చాడు. హాజరు రిజిస్టరు జిరాక్సులు ఆఫీసరు మేడం ముందు పెట్టి, ఈ సంతకాలు ఒక మనిషివి కావు, చూడండి అన్నాడు. వచ్చే వాయిదాకు చూసి చెప్పమని మేడం నాతో అంది.

బయటికి వచ్చాక సంఘం ఆయన నాకు విడమరచి చెప్పాడు. ఏడాదిలో రెండువందల నలభై రోజులు పని చేసిన మనిషైతేనే, ఊరికే తీసేశారని పరిహారం అడగడానికి చట్టంలో బలం ఉంటుంది. ఇద్దరం కలిసి మూడువందల పైన చేశాం. విడదీస్తే ఒక్కొక్కరికి నూటయాభై చిల్లర.

“ఇద్దరని చెప్తే ఇద్దరికీ పోతది అవ్వా. అన్నీ నాయే అంటే నీకొస్తది. తర్వాత మీరూ మీరూ చూసుకోన్రి,” అన్నాడు.

నాకు అది న్యాయంగానే తోచింది. డబ్బు చేతికి వచ్చాక సగం కొంగున ముడివేసి ఇస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. అయిదో పేషీ కోసం వచ్చిన సాయంత్రం అరుగు మీద యారాలికి చెప్పింది అదే. అది వినగానే మొదలైంది నేను మొదట చెప్పిన గొడవ.

ఆమె చేట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“గేటుకాడ నిలవడ్డదెవలు? ఎల్లగొట్టింది ఎవల్ని? అందరు చూస్తుంటే తిరిగొచ్చిన. కాయితంల మాత్రం నువ్వు తిరిగొచ్చినవ్.”

“పైసలు సగం నీకియ్యనా? ఎన్నడన్న రూపాయి తక్కువిచ్చిన్నా?”

“ఇయ్యలేదనలే. నువ్విచ్చుడు వేరు అక్కా, నాకొచ్చుడు వేరు.”

ఆ మాట నీకు ఎవరు నేర్పారని అడిగాను. కోపంతోనే అడిగాను.

“ఎవలు నేర్పుతరు? ఇరవై రెండేండ్లు నీ పేరుకు పలికిన. రేపు నువ్వు ఒక్కదాన్నే అని సర్కారు ముంగట చెప్తే, నేను ఎన్నడు ఏ పనీ చెయ్యనిదాన్నే అయిత. చచ్చినంక నా మనుమలకు ఏమని చెప్తరు? ఇంట్ల ఉండెనని చెప్తరు.”

ఇంట్లో ఉంటే తప్పా, సగం వారాలు నేనూ ఇంట్లోనే ఉన్నాను కదా అన్నాను. ఆమె బియ్యం ఎత్తుకొని లోపలికి వెళ్ళింది. వంకాయ కూర వండింది. నూనె తేలుతూ ఉంది. నాకు కోపంగా వడ్డించింది, నేను కోపంగా తిన్నాను. ఎవరి మంచం వాళ్ళం వేసుకున్నాం.

పొద్దున నేను లేచేసరికి ఆమె తల దువ్వుకొని, పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకొని కూర్చుంది. వస్తున్నావా అని నేను అడగలేదు, వస్తున్నానని ఆమె చెప్పలేదు. బస్సులో నాకంటే రెండు సీట్లు ముందు కూర్చుంది. కండక్టరుకు ఇద్దరం వేర్వేరుగా ఆధార్ కార్డులు చూపించాం. ఆఫీసుకు చేరాక ఆమె వరండాలో బల్ల మీద ఉండిపోయింది. నేను సంఘం ఆయనతో లోపలికి వెళ్ళాను. ఏం చెప్పాలన్నది నాకు అప్పటికీ తేలలేదు. బస్సులో ఒకటి అనుకున్నాను, మెట్ల మీద ఇంకొకటి.

మేడం ఆరు కాగితాలు నా ముందు వరుసగా పరిచింది. అన్నీ నీ సంతకాలేనా, నిదానంగా చూసుకొని చెప్పమంది. అద్దాలు పెట్టుకొని చూశాను. మూడింటిలో గీత తిన్నగా ఉంది. మూడింటిలో అదిమి రాసి, చివర కిందికి జారిపోయింది. ఆ జారుడు మీద ఎన్ని తిట్లు తిట్టానో నాకు తెలుసు.

“మూడు నాయి. మూడు మా యారాలియి. బయట కూసున్నది, పిలువున్రి,” అన్నాను.

సంఘం ఆయన నా మోచేతిని తాకాడు. అప్పటికే అనేశాను. మిల్లు మనిషి కుర్చీలో ముందుకు జరిగి, చూశారా మేడం, ఇన్నేళ్ళూ దొంగ హాజరు అన్నాడు.

“దొంగదెట్లయితది నాయిన? ఒక్క దినం కల్లం ఖాళీ లేదు. ఒక్క దినం రెండు కూలీలు తీసుకోలే. మీ గుమస్తానే రాసుకున్నడు. ఆయనకు కండ్లు కనవడకపోవచ్చు, నోరున్నది. అడుగున్రి,” అన్నాను.

మేడం ఆమెను లోపలికి పిలిపించింది. పేరు అడిగితే చెప్పింది, గట్టిగానే చెప్పింది. ఏ పని చేసేదానివని అడిగితే వడ్లు తొట్టిలోంచి పడటం దగ్గర నుంచి మొదలుపెట్టింది. మేడం రెండుసార్లు చాలమ్మా అనవలసి వచ్చింది. రాసుకున్నాక సంతకం చెయ్యమని కాగితం జరిపింది.

“నా పేరు రాదు మేడం. అక్క పేరే వస్తది,” అంది.

అటెండరు సిరా డబ్బీ తెచ్చాడు. వేలిముద్ర వేసింది.

జీతం సంగతి ఆ పొద్దునే తేలింది. నాలుగు నెలల పని జరిగిందని రిజిస్టరే చెబుతోంది కాబట్టి, చేసింది ఒకరైనా ఇద్దరైనా మిల్లు ఇవ్వాల్సిందే అని మేడం అంది. మిల్లు మనిషి బయటికి వెళ్ళి ఫోనులో మాట్లాడి వచ్చి, నెలలోపు ఇస్తామని రాసిచ్చాడు. చెరి సగం, ఇద్దరి పేర్లూ వేరుగా రాయమని నేను చెప్పాను. తీసేసిన దాని మీద మాత్రం తన దగ్గర రాజీ కుదరదనీ, ఇద్దరి వాంగ్మూలాలతో కోర్టుకు పంపుతాననీ, రోజుల లెక్క వల్ల అక్కడ అది నిలవకపోవచ్చనీ, నిలిచినా ఏళ్ళు పడుతుందనీ మేడం దాచకుండా చెప్పింది. పంపమన్నాను. సంఘం ఆయన ఫైలు మూసి, ఇంకో మనిషి కేసు కోసం పక్క గదికి వెళ్ళాడు.

పదకొండు దాటాక బయటికి వచ్చాం. బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. ఎండ బాగా ఉంది. కేసముద్రం బస్సు ముందు వచ్చింది. ఆమె ఎక్కింది. భూపాలపల్లి పోవడానికి అరగంటకు వరంగల్ బస్సు వస్తే నేను ఎక్కాను.